కత్తెరమ్మ ఎనిమిదో జత

కత్తెరమ్మ అసలు పేరు అది కాదని ఆ కుట్టు కార్ఖానాలో సగం మందికి తెలియదు. ఆ పేరు పెట్టింది వాళ్ళ అత్తగారు. మెచ్చుకుని పెట్టిందనుకునేరు, అబ్బే! కాపురానికి వచ్చిన మూడో రోజున కిటికీ తెర రెండు అంగుళాలు పొడుగైందని కొత్త కోడలు చటుక్కున కత్తిరించి పారేసింది. అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుని, "ఇదేం పిల్లరా నాయనా! చేతికి వేళ్ళున్నాయా, కత్తెరలున్నాయా?" అంది. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో కత్తెరమ్మే. మొగుడు బస్సు డ్రైవరు, నోట్లో మాట దాగే మనిషి కాదు. వారం తిరిగేసరికి వీధి వీధంతా అదే పేరు. ఇరవై రెండేళ్ళయినా వదల్లేదు.

అత్తగారు అంత గుండె బాదుకోవడానికి కారణం ఉంది. ఆవిడ వాళ్ళది సముద్రతీరం. అక్కడ ఆడవాళ్ళ బట్టకి ఇనుము తగలకూడదు. కత్తెరా తగలకూడదు, సూదీ తగలకూడదు. మగ్గం మీద నేత పూర్తయ్యాక కూడా దారాలు కొయ్యరు, ఒక్కొక్క ముడీ ఓపిగ్గా విప్పి గుడ్డని దించుతారు. పన్నెండు మూరల గుడ్డ ఒంటికి చుట్టుకోవడం, భుజం మీద ముడి వేసుకోవడం, అంతే సంగతి. గాలి ఇటు దూరి అటు పోవాలి. పొరపాటున గాటు పడిందా, ఆ గుడ్డ ఇక పడవలు తుడవడానికే. ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు వచ్చినా కట్టు మారలేదు. వాళ్ళ వాళ్ళందరూ కుడి భుజం మీద వేసే ముడి ఈవిడ మాత్రం ఎడమ భుజం మీద వేస్తుంది. తన గుడ్డ తనే ఉతుక్కుంటుంది, ఎవరినీ ముట్టనివ్వదు. పెద్దావిడ చాదస్తం అని అందరూ ఊరుకున్నారు.

ఇక కత్తెరమ్మ తల్లి వైపు వ్యవహారం దీనికి పూర్తిగా ఎదురు. వాళ్ళు మంచు కొండల మీద గొర్రెలు కాసినవాళ్ళు. గుడ్డని ముక్కలు చేసి, పొర మీద పొర వేసి, మధ్యలో ఉన్ని కూరి, చలి దూరడానికి సందు లేకుండా కుట్టాలి. ఒక కోటుకి ముప్ఫై ముక్కలు, లోపల పదకొండు జేబులు. చిరిగితే ఎర్ర దారంతో కుడతారు, అదీ ఆరడుగుల దూరానికి కనిపించేలా. ఐదేళ్ళ క్రితం తల్లి కూడా వీళ్ళింటికే వచ్చేసింది. వియ్యపురాళ్ళకి ఒకే గదిలో రెండు మంచాలు. ఒకావిడ కిటికీ తెరుస్తుంది, ఒకావిడ మూస్తుంది.

"మీ కట్టులో మనిషెక్కడుందో వెతుక్కోవాలి వదినా" అంటుంది తల్లి.

"మీ కోటులో మనిషి ఉడికిపోయి ఉంటుంది, వెతకడం కూడా దండగ వదినా" అంటుంది అత్తగారు.

ఆ ఇంటికి టీవీ దేనికి చెప్పండి!

కార్ఖానాలో కత్తెరమ్మ పని కటింగ్. పొడుగాటి బల్ల, చాక్ ముక్క, మెడలో టేపు. ఎవరో గీసిన బొమ్మని బట్టి వీళ్ళు గుడ్డ కోసిస్తారు, మిషన్ల మీద కుడతారు, మెడ వెనక ఎవరిదో పేరున్న లేబుల్ వేస్తారు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేల మెడల వెనక ఎంతమంది పేర్లు చూసిందో! అలాంటిది ఒక సోమవారం పొద్దున యజమానురాలు ఆవిడని ఆఫీసు గదిలోకి పిలిచింది. డిజైన్లు గీసే ఆవిడ మధ్యలో మానేసి వెళ్ళిపోయింది. బట్టలు టోకున కొనే బయ్యరు రావడానికి ఆరు వారాలే ఉంది.

"నీ చాక్ డబ్బా కింద ఒక నోటు బుక్కు ఉంటుందటగా? అందులో బొమ్మలున్నాయటగా?"

కత్తెరమ్మ మెడలో టేపు సర్దుకుంది. "ఏదో ఊరికే గీసుకుంటాను మేడమ్."

"ఊరికే ఎందుకు, గట్టిగానే గియ్యి. ఆడవాళ్ళ బట్టలు ఎనిమిది జతలు. బయ్యరుకి నచ్చితే లేబుల్ మీద నీ పేరు ఉంటుంది. నచ్చకపోతే నీ బల్ల నీకుంది, మళ్ళీ ఆ మాట ఎత్తకు."

ఆ రోజు కత్తెరమ్మ కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు! మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవడం మర్చిపోయింది. ఇంటికెళ్ళే బస్సులో తన స్టాపు దాటిపోయింది, అదీ మొగుడు నడిపే బస్సులో. "దిగవేంటే?" అని అతను అద్దంలోంచి అరిస్తే, "నాకు దొరికిందండీ!" అని అరిచింది. తమకీ ఏమైనా దొరుకుతుందేమోనని బస్సులో అందరూ కింద వెతకడం మొదలుపెట్టారు. ఆవిడకి దొరికింది వేరు. ఇంట్లో రెండు మంచాల మీద రెండు లోకాలు పెట్టుకుని డిజైన్ కోసం ఎక్కడో వెతకడం ఏమిటి? ఒకటి గాలిని ఆపే బట్ట, ఒకటి గాలిని పిలిచే బట్ట. రెండూ కలిపితే?

మొదటి మూడు జతలూ ఊపు మీద అయిపోయాయి. పైన కొండ కోటు, కింద తీరం కట్టు. యజమానురాలు బట్టలు తొడిగిన డమ్మీ బొమ్మల చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచింది. "పైన మీ అమ్మ, కింద మీ అత్త. నడుము దగ్గర ఇద్దరూ కొట్టుకుంటున్నారు" అంది.

మాట చురుక్కుమంది గానీ అందులో నిజం ఉంది. కత్తెరమ్మ మూడూ విప్పదీసి మొదటికొచ్చింది. ఈసారి ఒకరి గుడ్డకి ఇంకొకరి తెలివి నేర్పింది. కోటుకి గుండీలు పీకేసి తీరం వాళ్ళ ముడి పెట్టింది. పల్చటి కట్టు గాలికి లేచిపోకుండా దాని అంచు లోపల ఉన్ని కూరి, కొండవాళ్ళలా ఒత్తుగా కుట్లు వేసింది. లోపలి జేబులు తీసి బయటికి వేలాడదీసింది. ఒక్కో జత నిలబడుతుంటే మిషన్ల దగ్గరివాళ్ళు పని ఆపి వచ్చి చూసేవారు. "అక్కా, ఇది నాక్కావాలి" అని ఒకరు, "ముందు నాకు" అని ఇంకొకరు. కత్తెరమ్మ ముఖం వెలిగిపోయేది. ఏడు జతలయ్యాయి.

ఎనిమిదోదే అసలుది. కొండ పద్ధతిలో పొట్టి కోటు, దాని మీద అచ్చమైన తీరం గుడ్డ, ఇనుము తగలనిది, పన్నెండు మూరలు. అలాంటిది బజారులో దొరకదు. అత్తగారి పెట్టెలో ఒకటుంది, వాళ్ళమ్మ నేసింది. అడగడానికి కత్తెరమ్మకి వారం పట్టింది. అత్తగారు లేచి పెట్టె తీసింది.

"ఇస్తాను. కట్టడం మీవాళ్ళెవరికీ రాదు కాబట్టి మీ బయ్యరు వచ్చే గురువారం నేనే వచ్చి కడతాను. ఒకటే మాట. నీ చేతుల సంగతి నాకు తెలుసు. జాగ్రత్త."

"అయ్యో అత్తయ్యా, ప్రాణంలా చూసుకోనూ?"

చూసుకుంది, మంగళవారం మధ్యాహ్నం దాకా. ఆ వేళ గుడ్డని బల్ల మీద పరిచి మడతలు సరిచేస్తూ, పక్క మిషన్ ఆవిడతో ఏదో చెప్పి నవ్వుతోంది. బల్ల మీద ఏ గుడ్డ పరిచినా కటింగ్ వాళ్ళు చేసే మొదటి పని ఒకటుంది. అంచున చిన్న గాటు పెట్టి, అడ్డదారం ఒకటి లాగి, నేత వంకర ఉందేమో చూస్తారు. ఇరవై రెండేళ్ళుగా రోజుకి నలభైసార్లు చేసిన పని. కళ్ళు ఇటు, మాట అటు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

టిక్.

కత్తెర బల్ల మీద జారిపడింది. చిటికెన వేలి గోరంత గాటు. అంతే. కానీ అది పడిన గుడ్డ ఎలాంటిది!

ఆ సాయంత్రం ఆవిడ దాచలేదు, అది మెచ్చుకోవాలి. గుడ్డని అత్తగారి ఒళ్ళో పెట్టి, గాటు మీద వేలు పెట్టి చూపించింది. "అలవాటులో చెయ్యి పోయిందత్తయ్యా" అంది.

అత్తగారు తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేది! అంచు మీద వేలితో రెండుసార్లు రాసి, గుడ్డ మడిచి దిండు పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది. తల్లి లేచి వెళ్ళి, ఐదేళ్ళలో మొదటిసారి, వదినగారి వైపు కిటికీ తనే తెరిచింది.

బుధవారం కత్తెరమ్మ యజమానురాలికి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "ఏడు జతలే చూపిద్దాం మేడమ్."

"ఎనిమిదోది లేకపోతే మిగతావి ఎందుకలా ఉన్నాయో బయ్యరుకి అర్థం కాదు. వచ్చే ఏడాది చూద్దాంలే" అంది యజమానురాలు. కోపంగా కూడా అనలేదు. వచ్చే ఏడాది అంటే ఏమిటో కత్తెరమ్మకి తెలియదా? కొత్త డిజైనరు వస్తుంది, బల్ల మీద ఆవిడ బొమ్మలు పరుచుకుంటాయి. ఆ రోజంతా కత్తెరమ్మ ఎవరివో అరవై చొక్కా చేతులు కోసింది.

సాయంత్రం నీరసంగా ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే లోపల గదిలోంచి పోట్లాట వినిపించింది.

"దూరం దూరంగా వెయ్యండి వదినా! ఇది గొర్రెతోలు కాదు!"

"కుట్టేది నేనా మీరా? కదలకండి, సూది గుచ్చుకుంటుంది!"

కత్తెరమ్మ తొంగి చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇద్దరూ ఒకే మంచం మీద ఉన్నారు. తల్లి చేతిలో సూది, ఎర్ర ఉన్ని దారం. కుడుతున్నది అత్తగారి భుజం మీద.

"ఏంటిది?" అంది కత్తెరమ్మ.

"మీ అత్తగారి గుట్టు" అంది తల్లి, దారం పళ్ళతో కొరుకుతూ. "పొద్దున ఏడుస్తూ కూర్చుంటే ముడి వదులైంది. చూద్దును కదా, కింద జానెడు చిరుగు!"

అత్తగారు ముఖం అటు తిప్పుకుంది. "పెళ్ళయిన కొత్తలో పడవ మేకుకి పట్టుకుంది. ఎవరైనా చూస్తే గుడ్డ తీసేసుకుంటారు. ఎడమ వైపు ముడేసి దాచాను. మేకే కదా, కత్తెర కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను. యాభై రెండేళ్ళు దాచుకుని బతికినదాన్ని, నీ గోరంత గాటుకి మొహం తిప్పుకుని పడుకున్నాను. బుద్ధుందా నాకు?"

కత్తెరమ్మ వెళ్ళి అత్తగారి పక్కన కూలబడి బావురుమంది. అత్తగారు ఆవిడ వీపు మీద ఒక్కటిచ్చింది. "ఏడ్చింది చాల్లే. ఆ గుడ్డ ఇటియ్యి. మీ అమ్మ చేత దానికీ నాలుగు ఎర్ర పోగులు వేయించు. దాచి కుట్టొద్దని చెప్పు. ముడి ఆ ఎర్రకుట్టు మీద నుంచే మొదలుపెడతాను."

తల్లి నాలుగు కాదు, తొమ్మిది కుట్లు వేసింది. అత్తగారు ప్రతి కుట్టుకీ వంకపెట్టింది. కత్తెరమ్మ ఆ ఇద్దరినీ చూస్తూ కూర్చుంది. ఆరు వారాలుగా తను చెయ్యాలనుకున్నది ఇదే. వెంటనే యజమానురాలికి ఫోను చేసి, "మేడమ్, ఎనిమిది! ఎనిమిదీ ఉన్నాయి!" అని చెవులు పగిలేలా అరిచింది.

గురువారం పొద్దున కార్ఖానాలో ముసలమ్మలిద్దరూ చెరో స్టూలు మీద. ఒకావిడ ఫ్యాను వేయమంటుంది, ఒకావిడ తీసేయమంటుంది. బయ్యరు వచ్చింది. సన్నటి మనిషి, కళ్ళద్దాలు మెడలో గొలుసుకి వేలాడుతున్నాయి. ఏడు జతలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి వెళ్ళాయి. ఆవిడ ఔననదు, కాదనదు. కత్తెరమ్మ మెడలో టేపుని వేలికి చుట్టి విప్పి చుట్టి దాన్ని నలిపేసింది.

ఎనిమిదో జతకి కోటు తొడుక్కున్న పొడుగుపిల్ల మధ్యలో నిలబడింది. చివరి మిషన్ మీద కుట్టే పిల్ల తను. అత్తగారు లేచింది. గుడ్డ విసిరి, రెండు చుట్లు చుట్టి, భుజం దగ్గర ఆ తొమ్మిది ఎర్ర కుట్ల అంచు పట్టుకుని ముడి బిగించింది. అరనిమిషం కూడా పట్టలేదు. పిల్ల ఒక అడుగు వేసేసరికి బరువైన కోటు మీద పల్చటి గుడ్డ అంతా కదిలింది. మిషన్లన్నీ ఆగిపోయాయి.

బయ్యరు కళ్ళద్దాలు పెట్టుకుంది. ముడి దగ్గరికి వంగి చూసింది. "ఈ ఎరుపు ఏమిటి?"

కత్తెరమ్మ ముందుకొచ్చింది. "నా తప్పండీ. మా అమ్మ కుట్టింది. మా అత్తయ్య దాని మీద ముడేసింది."

బయ్యరు ఆ ఇద్దరినీ చూసింది, కత్తెరమ్మని చూసింది. "మిగతా ఏడింటినీ ఇంకోసారి తీసుకురండి" అంది. అరగంట చూసింది. ఆ తర్వాత, "ఎనిమిదీ తీసుకుంటాను. లేబుల్ మీద ఏం పేరు?" అంది.

కార్ఖానా అంతా ఒకటే గోల! పొడుగుపిల్ల ఎగిరి గంతేసింది, తల్లి కళ్ళు తుడుచుకుంది. కత్తెరమ్మ మాత్రం ఏ పేరు చెప్పాలా అని చూస్తోంది. అసలు పేరు ఆవిడకే కొత్తగా ఉంది, ఎన్నాళ్ళైంది ఎవరైనా పిలిచి!

"ఇంకా ఆలోచనేంటి? కత్తెరమ్మ అని రాయండి" అంది అత్తగారు. "ఆ పేరు పెట్టింది నేనే."

మూలనున్న ఎంబ్రాయిడరీ మిషన్ మీద పది నిమిషాల్లో లేబుల్ తయారైంది. ఏడు జతలకి మెడ వెనక వేశారు. ఎనిమిదోదానికి ఎక్కడ? కోటు మీద కాదంది అత్తగారు. ముడి పక్కన, తన తల్లి నేసిన గుడ్డ అంచుని స్వయంగా మడిచి పట్టుకుని, "ఇక్కడ" అంది.

కత్తెరమ్మ సూదితో నాలుగు మూలలా కుట్టింది. ముడి వేసింది. దారం తెంపడానికి కత్తెర వైపు చెయ్యి వెళ్ళింది, ఆగిపోయింది. గబుక్కున వంగి దారాన్ని పళ్ళ మధ్య పెట్టుకుంది.

"పళ్ళెందుకు పాడుచేసుకుంటావు?" అంది అత్తగారు. బల్ల మీది కత్తెర తనే తీసి కోడలి చేతిలో పెట్టింది.