మామ బొటనవేలు

మీరు మీరేనని చివరిసారి ఎవరికి రుజువు చేశారు? వాళ్లు మీ ముఖమైనా చూశారా? మొన్న మా మేనమామను సిరిసిల్లలో వేలిముద్ర వేయించడానికి తీసుకెళ్లాను. ఆయన బతికే ఉన్నాడని యంత్రం ఒప్పుకుంటేనే పింఛను. నాలుగుసార్లు బొటనవేలు పెట్టినా అది ఒప్పుకోలేదు. "ఏలు పడ్తలేదు తాతా, రేపు రా" అంది కౌంటర్‌లో అమ్మాయి. మామ ఆ వేలిని ఎగాదిగా చూసుకుని నవ్వాడు. "అప్పుడు పోలీసోళ్ల చేతులకెంచి ఇడిపిచ్చింది గీ ఏలే బిడ్డా!"

అవి అన్నల రోజులు, నక్సలైట్ల కోసం పోలీసులు దారులన్నీ గాలించే కాలం. బస్సు ఆగిందంటే గుండె ఆగినట్టే. కోరుట్లలో బంధువుల పెళ్లికి మామా నేనూ బయలుదేరాం. ఆయనకు కొండగట్టు అంజన్న మొక్కు గడ్డం ఉండేది. ఆ మొక్కు ఉత్తదని సిరిసిల్ల నుంచి దారంతా వాదిస్తూనే ఉన్నాను. మల్యాల దగ్గర పోలీసులు బస్సు ఆపి, గడ్డం చూసి ఆయన్ను దింపారు. అలా దించినవాళ్లలో కొందరు మళ్లీ ఎక్కేవాళ్లు కాదు. నేనూ వెనకే దిగాను.

"ఎవడ్రా నువ్వు? అడవిలకెంచి అచ్చినవా?" అన్నాడు ఎస్సై.

"మగ్గం నేస్త సారూ. మొక్కు గడ్డం."

"అందరు గదే చెప్తరు."

కాగితం ఒక్కటీ లేదు. మామ సంచిలోంచి నూలు కండె తీశాడు. "గీ పోగు తెంపుండ్రి సారూ."

ఎస్సై తెంపాడు. మామ రెండు కొసలూ కలిపి బొటనవేలితో ఒక్కసారి నలిపి చేతికిచ్చాడు. అతుకు ఎక్కడుందో ఎస్సై వేళ్లకు దొరకలేదు. పట్టి లాగాడు, తెగలేదు. ఇంకోచోట తెంపి ఇచ్చాడు. మళ్లీ అంతే.

"నూలంత తెంపెదాక ఇడ్వవా కొడుకా? మా పెండ్లి గడియ దాటిపోతది!" కిటికీలోంచి ఒక ముసలమ్మ అరిచింది. బస్సంతా నవ్వింది. ఎస్సై కూడా.

"ఎక్కు. గడ్డం మాత్రం తియ్యి."

సీట్లో కూర్చోగానే మామ నా డొక్కలో పొడిచాడు. "చూసినవురా, అంజన్న ఉన్నడు!"

"అంజన్న కాదు మామా, నీ బొటనవేలు." ఆ వాదన నేటికీ తేలలేదు.

దేన్నైనా నమ్మేముందు అనుమానించమని జీవితమంతా వ్యాసాలు రాసినవాణ్ణి, తనిఖీని తప్పుపట్టను. కానీ ఆ ఎస్సై పోగు తెంపి, జవాబు కోసం ఆగాడు. నూలు నలిపి నలిపి గీతలరిగిన వేలికి ఈ యంత్రం ఆగదు. నేను కౌంటర్ దగ్గర నుంచి కదలకపోయేసరికి ఆ అమ్మాయి కంటిపాప చూసే పరికరం తెచ్చింది. నిమిషంలో మామ బతికాడు.

ఎనభై దాటినవాడికి 'రేపు' చిన్న మాట కాదు. వరుసలో మీ ముందున్నవాళ్లకు ఎవరైనా ఆ మాట చెబితే, పక్కకు జరగకండి. ఇంకోలా చూడమని అక్కడే నిలబడి అడగండి.