పిచ్చుకల పేరు మీద

ఇది నేను ఇంతకు ముందే రాయకపోవడానికి కారణం పెద్దదేం కాదు. నాకు రాయడం రాదు. అక్షరాలు నేర్చుకున్నది ఈ మధ్యనే, బందరులో మా అబ్బాయి ఇంట్లో, మనవరాలి పక్కన కూర్చుని. ఆవిడగారు కుర్చీలో, నేను కింద చాప మీద. "నానమ్మా, వంకర! మళ్ళీ రాయి" అంటూ నా వేళ్ల మీద స్కేలుతో ఓ దెబ్బ కూడా వేసేది. అక్షరాలు వచ్చాక కూడా ఇంటి సరుకులూ, పాటలూ రాసుకున్నాను కానీ ఈ సంగతి రాయాలనిపించలేదు. మొన్న అనిపించింది. మనవరాలి టీచరుగారికి ఇవ్వడానికి మా కోడలు బజారు నుంచి వరి కంకుల కుచ్చు ఒకటి తెచ్చింది. ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, జరీ తాడు కట్టి ఉంది. "బాగుందా అత్తయ్యా? గోడకి తగిలిస్తే ఎన్నేళ్లయినా ఉంటుందంట" అంది. చేతిలోకి తీసుకుని చూశాను. గింజలు అద్దంలా మెరుస్తున్నాయి. వార్నిష్ పూశారు. "అయ్యో, ఇది తినడానికి పనికిరాదే!" అనేశాను. "టీచరుగారు దీన్నెందుకు తింటారు అత్తయ్యా!" అని కోడలు పకపకా నవ్వింది. నేనూ నవ్వబోయాను. నవ్వు రాలేదు. చిన్నప్పటి ఒక మధ్యాహ్నం ఇన్నేళ్లకి మళ్ళీ కళ్ల ముందుకి వచ్చింది.

మాది దివిసీమ. చల్లపల్లి దాటి ఇంకా లోపలికి. మా పేటలో బడంటే ఒక తాటాకు పాక. మధ్యలో తడిక కట్టి ఉండేది. తడికకి ఇవతల బడి, అవతల మాస్టారి కాపురం. ఎక్కాలు చెప్తూ చెప్తూ ఆయన దగ్గితే అవతల నుంచి వాళ్లావిడ మంచినీళ్ల చెంబు తడిక సందులోంచి అందించేది. ఆ బడిలోనే మా అన్న చదువు నేర్చుకున్నాడు. మా ఇంటావంటా అక్షరం ముక్క వచ్చినవాళ్లు లేరు. అలాంటిది ఒక క్రిస్మస్ ఆరాధనలో వాడు లేచి నిలబడి, తడుముకోకుండా బైబిల్ వాక్యం చదివాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి మాస్టారికి ఏదో ఒకటి ఇవ్వాలని అమ్మకి ఒకటే తపన. ఆ తపన పేటలో అందరికీ ఉండేది. ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండేది కాదు, అది వేరే సంగతి.

ఉన్నా ఆయన పుచ్చుకునేవారు కాదు. మా పాక మీద కాసిన సొరకాయ పంపిస్తే మా అన్న చేతే వెనక్కి పంపించారు. ఒకసారి అమ్మ కోడిపెట్టనే పట్టుకెళ్లి ఇచ్చింది. ఆయన దాన్ని గుమ్మంలోనే వదిలేశారు. అమ్మ దారిలో ఎవరితోనో మాట్లాడి వచ్చేసరికి కోడి ముందే ఇల్లు చేరి గింజలు ఏరుకుంటోంది. "పిల్లల నోటి దగ్గర కూడు నాకు అరగదమ్మా" అనేవారు మాస్టారు. ఆయన జీతం బందరు మిషను నుంచి రావాలి. వస్తోందో లేదో మాకు తెలియదు. తెల్లటి పంచె కట్టుకుని, చదువు చెప్పే మనిషికి ఆకలి ఉంటుందనే ఊహే మాకు లేదు.

ఆయన కాదనకుండా పుచ్చుకునేది ఒక్కటే, వరి కుచ్చు. కోతలై కుప్పలు పడ్డాక మా ఆడవాళ్లూ పిల్లలూ చేలల్లో పరిగె ఏరుకునేవాళ్లం. నేల మీద రాలిన కంకులు, నెర్రెల్లో పడ్డవి, ఎలకలు బొరియల్లో దాచుకున్నవి కూడా తవ్వి తీసేవాళ్లం. వాటిలో మంచివి ఏరి, కాడలు విరగకుండా తడిగుడ్డలో చుట్టి ఉంచి, జడలా అల్లి కుచ్చు కట్టేది అమ్మ. అది బడి చూరుకి కట్టేవాళ్లు, పిచ్చుకలు తినడానికి. పిచ్చుకలకి పెట్టేదాన్ని ఆయన ఎలా కాదంటారు? ప్రతి ఇంటి నుంచీ ఒక కుచ్చు వెళ్లేది. చూరంతా బంగారపు జూకాలు వేలాడుతున్నట్టు ఉండేది.

ఆ ఏడు నన్ను కూడా బడిలో వేస్తానంది అమ్మ. ఆడపిల్లకి చదువేంటని నవ్వినవాళ్లతో "ఆరాధనలో ఇదీ చదువుద్ది, సూస్తా ఉండండి" అంది. తన పాత చీర చింపి నాకు గౌను కుట్టించింది. పలక కూడా వచ్చింది, అన్న వాడి వదిలేసింది, ఒక మూల విరిగింది. నా తరఫున కట్టిన కుచ్చు మాత్రం పేటలోకెల్లా పెద్దది. "రేపు బళ్లోకొస్తానండీ అని సెప్పి ఇచ్చిరా" అని పంపింది.

బడికి సెలవు. ముందు తలుపు వేసి ఉంది. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాను. మాస్టారు ముక్కాలిపీట మీద నిలబడి చూరు నుంచి కుచ్చులు విప్పుతున్నారు. కింద వాళ్లావిడ గోనెపట్టా పరుచుకుని, వాటిని రెండు చేతులా నలిపి గింజలు రాలుస్తోంది. పక్కన రోట్లో సగం దంచిన బియ్యం. వాళ్ల చిన్నపిల్ల ఆ పచ్చి బియ్యమే గుప్పిట్లోకి తీసుకుని నములుతోంది. పైన పిచ్చుకలు ఒకటే గోల.

నాకు నోరు ఊరుకోలేదు. "అయ్యి పిచ్చుకలకి కదండీ?" అన్నాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. మాస్టారు పీట మీద నుంచి దిగలేదు, నా వైపు తిరగలేదు.  తర్వాత, ఏమీ జరగనట్టు, బడిలో మాట్లాడే గొంతుతోనే "రేపట్నించి బడికి రామ్మా" అన్నారు. నేను కుచ్చు అక్కడ పెట్టి పరిగెత్తాను. ఆరాధనలో పట్టిన కానుకలు ఎవరో దొంగిలిస్తుంటే చూసినట్టు, వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

అమ్మతో చెప్పాను. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టుకుంది. గొంతు తగ్గించి "ఎవురికైనా సెప్పావా?" అంది. లేదన్నాను. "సెప్పావంటే నాలిక సీరేస్తా" అంది. నాలిక చీరేసే మనిషి కళ్లలో నీళ్లున్నాయి. లేచి పక్కింటి పెద్దమ్మ దగ్గరకెళ్లింది.

"అక్కా, ఈ ఏడు బడికాడ పిచ్చుకలు మరీ ఎక్కువైనియ్యంట. సిన్న కుచ్చులు సాలట్లేదంట."

"మా ఆయన కంటే ఎక్కువ తింటయ్యేంటే ఆ పిచ్చుకలు?" అని నవ్వింది పెద్దమ్మ.

అమ్మ నవ్వలేదు. "తింటయ్యక్కా. పిల్ల పిచ్చుక కూడా ఉంది" అంది.

పెద్దమ్మ అమ్మ మొహంలోకి చూసింది.  లోపలికెళ్లి, తను దాచుకున్న కంకుల కట్ట తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. పొద్దుగుంకే లోపల పేటంతా అదే మాట, పిచ్చుకలు ఎక్కువయ్యాయట. అందరికీ అర్థమైంది. ఒక్కరూ పైకి అనలేదు. రెండు మూడు పంటల వరకూ, మాస్టారికి గుడివాడ వైపు బదిలీ అయి బడి మూతపడే దాకా, మా పేట పిచ్చుకల్ని మేపింది. ఏ కుచ్చు గురించీ ఆయన అడగలేదు. ఏదీ వెనక్కి పంపలేదు.

నేను అది చూసిన మర్నాడు పొద్దున్నే అమ్మ నాకు తల దువ్వి, గౌను తొడిగి, పలక చేతికిచ్చి, తను గంప తీసుకుని చేలోకి వెళ్లిపోయింది. కాలవ గట్టు మీద దాకా వచ్చాను. అటు బడి. చూరు కింద కొత్త కుచ్చులు ఊగుతున్నాయి. ఇటు చేను. అమ్మ ఒక్కతే వంగి ఏరుతోంది. పలకని గట్టు మీద గడ్డిలో పెట్టి చేలోకి దిగాను. "బడికెళ్లలేదేంటే?" అంది అమ్మ. "రేపెళ్తాలే" అన్నాను. అమ్మ నన్ను వెళ్లమననూ లేదు, వద్దననూ లేదు. కొంచెం పక్కకి జరిగి, తన ముందున్న నెర్రె నాకు వదిలింది. నేను వంగి మొదటి కంకి తీశాను. ఆ రేపు వచ్చేసరికి నా జుట్టు నెరిసింది.