బోసి కర్ర

గోదావరి మీద ఇంకా రైలు వంతెన పడని రోజుల్లో రాజమండ్రిలో ఎక్కడ మేడ లేస్తున్నా, దాని చుట్టూ పరంజా కట్టడానికి వీరాస్వామికే కబురొచ్చేది. ఏటి ఎగువనుంచి తెప్పలుగా దిగే వెదురు బొంగులు ఏరి తెచ్చి, తాటినారతో బిగించేవాడు. భార్య సూరమ్మ ఆ నార నానబెట్టి చీల్చి ఇచ్చేది. ఆమె తమ్ముడు బుల్లియ్య తాపీ మేస్త్రీ. బావ కట్టిన పరంజా మీద ఈల వేసుకుంటూ తిరిగేవాడు.

ముందటి ఏడు వేరెవరో కట్టిన పరంజా కూలి మనుషులు పోయారు. అప్పటినుంచి ఓవర్సీరు జగన్నాథరావు గారు ఓ కట్టడి పెట్టారు. ప్రతి నిలువు కర్రనూ ఆయనే తట్టి చూస్తారు. గట్టిదైతే దాని మీద జేగురుతో ఎర్రటి చుక్క పెట్టిస్తారు. చుక్క లేని కర్ర వైపు ఎవరూ ఎక్కకూడదు.

"ఓవర్సీరు గారు కర్రలకి బొట్టు పెట్టి పేరంటానికి పిలుస్తున్నారే అక్కా!" అని బుల్లియ్య నవ్వేవాడు. కూలీలంతా దాన్ని బొట్టనే అనేవారు. పరంజా ఎక్కే పనిలేని సూరమ్మకూ అది బొట్టే.

మహర్నవమి నాడు పని ఆపి ఆయుధపూజ చేశారు. తాపీలకూ తట్టలకూ బొట్లు పెట్టడం అయ్యాక సూరమ్మ పరంజా చుట్టూ ఓసారి తిరిగింది. ఏటివైపు మూల కర్ర ఒక్కటే బోసిగా ఉంది. పండగపూట దాన్నొక్కదాన్నే బోసి నొసటితో నిలబెడతామా? కుంకుమ నిండుకుంది. ఓవర్సీరు గారి బంట్రోతు వదిలేసిన కొబ్బరిచిప్పలో జేగురు కాస్త మిగిలింది. ఉంగరపు వేలు ముంచి గుండ్రంగా దిద్ది, దండం పెట్టుకుంది.

"మా తమ్ముడు తిరిగే చోటు. చల్లగా చూడు తల్లీ!"

దసరా వెళ్లిన మర్నాడు మళ్లీ పని మొదలైంది. పొద్దున్నే రేవుకెళ్లిన వీరాస్వామి కొత్త బొంగు భుజాన వేసుకొచ్చాడు.

"మళ్లీ ఇదెందుకయ్యా?" అంది సూరమ్మ.

"మూలది లోపల పుచ్చిందే. అందుకే ఓవర్సీరు గారు చుక్క పెట్టించలేదు. మారుద్దామనీ..." అంటూ మూలకేసి చూసి ఆగిపోయాడు. "దానికి బొట్టెవరు పెట్టారు?"

"నేనే. బోసిగా ఉందనీ..."

అతని భుజం మీది బొంగు జారి కింద పడింది. ఇద్దరూ ఒక్కసారే పైకి చూశారు. మూల కర్ర పక్కనే సున్నం తట్టతో బుల్లియ్య.

"ఒరేయ్ బుల్లియ్యా! ఇవతలికి రారా!"

బుల్లియ్య వంగి చూశాడు. "ఏంటి బావా ఆ కేకలు? పండగ గారెలు ఇంకా అరగలేదా?"

ఎండు చెరకు విరిచినట్టు చప్పుడైంది.

ఇసక గుట్ట మీద పడ్డాడు కాబట్టి ప్రాణం దక్కింది. కుడికాలు మాత్రం కాలులా లేదు. సూరమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుంది. పరుగున వచ్చిన ఓవర్సీరు గారిని చూసి, అంత బాధలోనూ బుల్లియ్య భయపడ్డాడు.

"కట్టడి తప్పలేదండీ... బొట్టు చూసే ఎక్కానండీ!"

"చుక్క ఎవడు పెట్టాడురా?" అని ఆయన బంట్రోతు మీద విరుచుకుపడ్డారు. వాడు బిక్కచచ్చిపోయాడు. సూరమ్మ తన వేలు పైకెత్తి చూపించింది. గోటి అంచున జేగురు ఇంకా ఎర్రగానే ఉంది.

బుల్లియ్య మళ్లీ పరంజా ఎక్కలేదు. అక్క పక్కనే కూర్చుని నార చీల్చేవాడు, ఆమెను ఒక్క మాటా అనలేదు. ఓవర్సీరు గారు జేగురు మాన్పించి, గట్టి కర్రలకు తారు పూయించారు. పేరంటానికి పిలవడానికి వచ్చిన వాళ్లు బొట్టు పెట్టబోతే మాత్రం, సూరమ్మ ఉలిక్కిపడి తల వెనక్కి తీసుకునేది.