రేడియేటర్లో రెండు గుప్పెళ్ళ పసుపు

వేమూరు దాటాక, రేపల్లె రోడ్డు పక్కన, పొద్దున పదకొండు గంటల ఎండలో మా బావ కారు బానెట్ ఎత్తాడు. చాలాసేపు ఆగాడు. తర్వాత తడి గోనె ముక్క చేతికి చుట్టుకుని రేడియేటర్ మూతను సగం తిప్పాడు. మళ్ళీ ఆగాడు. ఆవిరి రాలేదు. చప్పుడు లేదు. లోపల చల్లారిందనుకుని ఇంకాస్త వంగి, మిగతా సగం తిప్పాడు. మూత ఎగిరిపోయింది. కాగిన నీళ్ళు ఆయన మొహాన కొట్టాయి.

ఆ నీళ్ళు పసుపు రంగులో ఉన్నాయి.

పన్నెండేళ్ళుగా ఆ రంగును మోస్తున్నాను. ఇంట్లో గానీ, నేను పనిచేసే పత్రికలో గానీ ఎవరికీ చెప్పలేదు. ఒక్కరు తప్ప ఎవరూ అడగలేదు కూడా. ఇందులో పేర్లు రాయడం లేదు. నా పేరు రాయకపోవడం పిరికితనమే. వాళ్ళ పేర్లు రాయకపోవడానికి మాత్రం కారణం అది కాదు.

అప్పట్లో మేం తెనాలిలో ఒకే వాకిట్లో ఉండేవాళ్ళం. ముందు వాటాలో అక్కా బావా, వెనక గదిలో నేను. నేను ఒక దినపత్రికకు విలేఖరిని. బావకు ఒక పాత అంబాసిడర్ టాక్సీ ఉండేది. దాని పని ఆయన ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. రేపల్లె వైపు బావుల్లో నీళ్ళు ఉప్పన, అవి పోస్తే రేడియేటర్‌ను తినేస్తాయని, తెనాలి కుళాయి నీళ్ళను అక్క పాత చీరలో వడకట్టి, డబ్బాలో పోసి డిక్కీలో పెట్టుకునేవాడు. అంత జాగ్రత్త మనిషి. అది ముందే చెప్పాలి. ఎందుకంటే తర్వాత ఆయన గురించి ఊరంతా అనుకున్నది వేరు.

ఆ వేసవిలో పెళ్ళిళ్ళ కిరాయిలు మొదలయ్యేలోపు ఇంజన్ను చల్లబరిచే భాగాలన్నీ మార్చాలనుకున్నాడు. వాకిట్లో గోనెలు పరిచి వాటర్ పంపు, రబ్బరు గొట్టాలు, ఫ్యాన్ బెల్టు ఊడదీశాడు. నేను సాయం. కొత్త బెల్టు ఎక్కించేటప్పుడు నేను గడ్డపారతో డైనమోను వెనక్కి లాగి పట్టుకుంటే, ఆయన బోల్టు బిగించి, బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. అరంగుళం దిగాలి. ముప్పావు దిగింది. విప్పించాడు. మళ్ళీ లాగమన్నాడు. నాకు చేతులు నొప్పెట్టి విసుక్కున్నాను.

"నువ్వు రాసింది రేపు మధ్యాహ్నానికి బజ్జీల పొట్లం అయిపోద్ది. నేను బిగించింది నలుగురిని మొయ్యాలోయ్," అన్నాడు నవ్వుతూ. అక్క వంటింట్లోంచి నవ్వింది. నేనూ నవ్వాను.

రేడియేటర్ కింది మూల చెమ్మ ఉండేది. దాన్ని రిక్షాలో తీసుకెళ్ళి, కారేచోట సీసంతో మాటు వేయించుకు రమ్మని నాకు అప్పగించాడు. ఆయన నాకు పూర్తిగా వదిలిపెట్టిన పని అదొక్కటే.

మాటు వేసే అతను సాయంత్రం అవుతుందనీ, వదిలి వెళ్ళకుండా అక్కడే ఉండమనీ అన్నాడు. నేను మధ్యాహ్నం రైలుకి వార్తల కవరు పంపాలి. ఏదో ప్రారంభోత్సవం. ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు. మర్నాడు అది లోపలి పేజీలో ఆరు పంక్తులు వచ్చింది. ఆ ఆరు పంక్తుల కోసమే తొందర.

పక్క టీ దుకాణం దగ్గర దుగ్గిరాల యార్డుకు పసుపు బస్తాలు తోలే లారీ డ్రైవరు ఒకాయన నా అవస్థ చూశాడు. "దీనికింత హైరానా ఏంటి బాబూ. నీళ్ళల్లో రెండు గుప్పెళ్ళు పసుపెయ్యండి, కారేది దానంతటదే కట్టేస్తది. మేమంతా చేసేది అదేగా," అన్నాడు. గ్లాసు కడిగి పెడుతూ ఇంకో మాట కూడా అన్నాడు. "రెండు రోజులకే సుమండీ. ఆనక కడిగేసి మాటేయించుకోవాల. లేపోతే గొట్టాలు పూడిపోతాయి."

ఆ రెండో మాట నాకు వినపడలేదని చెప్పుకోవాలని ఎన్నోసార్లు చూశాను. వినపడింది.

రేడియేటర్‌ను అలాగే ఇంటికి తెచ్చాను. చెమ్మ ఉన్న మూలకు దారిలోనే గ్రీజు పూశాను.

"ఏంటోయ్ విలేఖరీ, మాటేశాడా?"

"వేశాడు బావా."

"ఎన్నిచోట్ల?"

"ఒక్కచోటే."

మొదటి మాట తొందరలో వచ్చిందనుకుందాం. రెండోది? రెండో ప్రశ్నకు ఆలోచించి జవాబు చెప్పాను. బావ వేలు పెట్టి చూడలేదు. నేను చేసిన పనిని ఆయన సరిచూడకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే. రేడియేటర్ బిగించి అన్నానికి వెళ్ళాడు. నీళ్ళు నేను పోశాను. అక్క పూజగూట్లో ఉన్న పసుపు డబ్బాలోంచి రెండు గుప్పెళ్ళు కలిపాను. కారడం ఆగింది. బావ బయటికి వచ్చి, నేల పొడిగా ఉండటం చూసి, నా వీపు తట్టాడు. నేను పరుగెత్తుకుంటూ స్టేషనుకు వెళ్ళాను.

రెండు రోజుల్లో చెబుదామనుకున్నాను. రెండు రోజులు గడిచాయి. కారు బాగానే తిరుగుతోంది. నాలుగో రోజు చెబితే నాలుగు రోజులు ఎందుకు చెప్పలేదంటాడు. అబద్ధం పాతబడేకొద్దీ చెప్పడం కష్టమవుతుందని ఆ వారంలోనే తెలుసుకున్నాను.

పదో రోజు రేపల్లెలో పెళ్ళివారిని ఎక్కించుకోవడానికి వెళ్తుంటే నేనూ ఎక్కాను. వేమూరు రాకముందే వేడి చూపించే ముల్లు పైకి పోవడం మొదలుపెట్టింది. బావ ఒకసారి దాన్ని వేలితో తట్టాడు. "కొత్త పంపు, కొత్త బెల్టు, మాటేసిన రేడియేటరు. వేడెక్కడానికి ఏముందోయ్? ముల్లే పాడైనట్టుంది," అన్నాడు. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడైనా "ఆపు బావా" అని ఉండాల్సింది.

మూత సగం తిప్పితే, పక్కన ఉండే సన్నటి గొట్టంలోంచి ఆవిరి బుస్సుమని పోవాలి. అది పోయేదాకా ఆగి, ఆ తర్వాతే మిగతా సగం తిప్పాలి. బావ అలాగే చేశాడు. ఆవిరి రాకపోవడంతో లేదనుకున్నాడు. ఉంది. దానికి దారి లేదు. కారును ఇంటికి లాక్కొచ్చాక, మూడో రోజు, ఎవరూ లేనప్పుడు ఆ గొట్టంలో తీగ పెట్టి చూశాను. పసుపు ముద్ద వచ్చింది. కాలితో దాని మీద మట్టి కప్పాను.

ఆ రోడ్డు మీద ఇంకొన్ని నిమిషాల సంగతి చెప్పి ఊరుకుంటాను. కాలవలు కట్టేసిన రోజులు. పక్కనే కాలవ ఉంది, అందులో చుక్క నీరు లేదు. డిక్కీలో డబ్బా ఉంది. కారు కోసం వడకట్టి తెచ్చిన ఆ నీళ్ళే బావ మొహాన పోశాను. చుట్టూ పసుపు ఉడికిన వాసన. ఆగిన బస్సులోంచి దిగినవాళ్ళు "తుప్పు నీళ్ళండీ, పాత బండి కదా" అన్నారు. నేను అవునండి అన్నాను.

మర్నాడు అక్క ఆసుపత్రి నుంచి స్నానానికని ఇంటికి వచ్చి, బావ చొక్కా ఉతకడానికి కూర్చుంది. సబ్బు తగలగానే మరకలు ఎర్రబడ్డాయి. పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసి దిష్టి తీసే ఇంట్లో పుట్టిన మనిషి. ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెయ్యి ఆపింది.

"ఏరా, కారు నీళ్ళల్లో పసుపెందుకుంటుంది?"

"తుప్పు అక్కా."

"తుప్పు సబ్బుకి ఎర్రబడుద్దంట్రా?"

"ఏమో అక్కా. పాత బండి."

నా మొహంలోకి చూసింది. తర్వాత చొక్కా జాడించి తీగ మీద ఆరేసింది. పసుపు మరక ఎండకు నిలవదు. సాయంత్రానికి చొక్కా తెల్లగా ఉంది.

అదే రోజు నేను ఇంకో పని చేశాను. ఆసుపత్రి దగ్గర వేరే పత్రిక విలేఖరి కనిపించాడు. అతను రాస్తే అందరినీ అడుగుతాడు, నీళ్ళ రంగు దాకా అడుగుతాడు. అందుకని వివరాలు అతనికి నేనే చెప్పి, నా పత్రికకు నేనే నాలుగు పంక్తులు పంపాను. టాక్సీ డ్రైవరు తొందరపాటుతో రేడియేటర్ మూత తీయగా గాయపడ్డాడని రాశాను. తొందరపాటు అనే మాట నాది. తొందరపడింది నేను. ఆ మాటను ఆయనకు అంటించి అచ్చు వేయించాను.

బావకు కుడి కన్ను పోయింది. ఎడమ కంటికి వెలుగూ, మనుషుల ఆకారాలూ తెలుస్తాయి. అక్షరాలు తెలియవు. కారు అమ్మేశారు. బాపట్లలో ఆయన అన్నగారి ఇంటి పక్క వాటాలోకి వెళ్ళిపోయారు. ఇప్పుడు బావ అక్కడొక రైసు మిల్లు గేటు దగ్గర కూర్చుంటాడు. లోపలికి వచ్చే లారీ చప్పుడు విని, "నీ బెల్టు వదులైంది, చూసుకో నాయనా," అని డ్రైవర్లకు చెబుతాడట. ఎవరైనా కన్ను సంగతి అడిగితే ఆయన చెప్పేది ఒకటే. "పేపర్లో వేశారుగా. నాదే తొందరపాటు."

నెలకోసారి వెళ్తాను. అక్క అన్నం పెడుతుంది. ఆమె పెట్టిన పప్పులో పసుపు వాసన వచ్చినప్పుడల్లా, ఈ ముద్ద మింగాక చెబుదామనుకుంటాను. చెప్పకుండానే సాయంత్రం రైలెక్కి తెనాలి వచ్చేస్తాను. ఆమె బావకు చెప్పిందా? చెబితే ఆయన నా వీపు తట్టి "ఏంటోయ్ విలేఖరీ" అని ఇంకా ఎలా పిలుస్తాడు? చెప్పలేదంటే, పన్నెండేళ్ళు ఆమె మోసింది నేను మోసినదానికన్నా తక్కువా?

ఇది చదువుతున్న మీరు నన్ను క్షమించలేరు. ఆ పని మీది కాదు. మీకు చెప్పాను, అంతే. ఇంతవరకు రాశాక ఊపిరి కొంచెం నిండుగా వస్తోంది. అంతకన్నా ఎక్కువ ఆశించలేదు.

ఒక సంగతి మిగిలింది. బావకు రోజూ పొద్దున అక్కే పేపరు చదివి వినిపిస్తుంది. అలా ఆమె చదివిన మొదటి వార్త, ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, నేను రాసిన ఆ నాలుగు పంక్తులు. అప్పటికి చొక్కా ఉతికేసింది. ఇప్పటికీ మొదటి పేజీ నుంచి చివరి దాకా ఏదీ వదలకూడదని బావ షరతు. పేరు లేకపోయినా నా రాత ఆయన గుర్తుపడతాడట. "ఇది మనవాడు రాసిందే," అంటాడట.

ఇది అదే పేపర్లో అచ్చయిన రోజు అక్క దీన్ని పైకి చదువుతుందో, పేజీ తిప్పేస్తుందో నాకు తెలియదు.