హామీపత్రం చదివే ఆవిడ

నవంబరు ఆరో తేదీ, బుధవారం, ఉదయం పదిన్నర గంటలు. తెల్లవారుజామున పట్టిన ముసురు ఇంకా విడవలేదు. ఒక సేవాసంస్థ కార్యాలయంలో, రెండో అంతస్తు గదిలో, కిటికీ రెక్క సరిగా పడక చినుకులు బల్ల అంచును తడుపుతుండగా, ఆవిడ సంచిలోంచి రికార్డరు తీసి ముందు పెట్టుకుని, అలవాటు ప్రకారం హామీపత్రం చదవసాగింది. ఎదుట కూర్చున్న కార్యదర్శిని ఆవిడ చూడడం అదే మొదటిసారి.

"మీ పేరు గాని, మీ సంస్థ పేరు గాని ఎక్కడా రాయము. మీ మాటలను పేరు లేకుండా మా నివేదికలో చేర్చవచ్చు. అంతకుమించి, మీ అనుమతి లేనిదే వాటిని మూడో మనిషి చెవిన వేయము."

కార్యదర్శి కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇది మీరు నమ్మి చదువుతారా, చదవాలి కనుక చదువుతారా?" అన్నాడు.

"నమ్మే చదువుతానండీ."

ఆ మాట అక్షరాలా నిజం. ఆవిడ వయసులో ఉండగా టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసింది. తీగలు కలపడం, మాట వినబడినా విననట్టుండడం అక్కడే అలవడ్డాయి. ఎక్స్ఛేంజి మూతపడ్డాక ఒక పరిశోధనా కేంద్రంలో చేరి, ఊరూరా తిరిగి మనుషుల్ని ప్రశ్నలడిగి జవాబులు పోగుచేసే పనిలో కుదురుకుంది. ఎవరెవరివో గుట్లు విన్నది, ఒక్కటీ పొక్కనివ్వలేదు. తోటివాళ్ళు ఆవిడకు ఇనప్పెట్టె అని పేరు పెట్టారు. గడియారాలు బాగుచేసే భర్త, దుకాణానికి వచ్చినవాళ్ళతో, "మా ఆవిడ దగ్గర మాట దాచుకుంటే బ్యాంకు కన్నా భద్రం. వడ్డీ మాత్రం రాదు" అని నవ్వేవాడు. తనకంటూ ఒక ఆస్తి ఉన్నదంటే అది ఈ పేరేనని ఆవిడ నమ్మకం.

ఇప్పుడు సాగుతున్నది ఆ కేంద్రాన్ని నడిపే ఆచార్యులవారి అధ్యయనం. ఒకే నగరంలో సేవ చేసే సంస్థలు ఒకే దాతల చుట్టూ ఎలా పోటీపడతాయి, ఎప్పుడు చేతులు కలుపుతాయి, ఏ రాబడితో బతుకుతాయి అన్నది అందులోని విషయం. నెల తిరిగేసరికి ఆవిడకు చాలా సంగతులు అవగతమయ్యాయి. సభల్లో మనమంతా ఒకే కుటుంబమనుకునే పెద్దలు, దరఖాస్తు గడువు దగ్గరపడేసరికి పరీక్షహాల్లో పిల్లల్లా ఎవరి కాగితాన్ని వారు అరచేత్తో కప్పుకుంటారు. ఒక దాత ఇచ్చిన క్యాలెండరు, మరో దాత వచ్చే రోజున గోడ దిగి బీరువాలోకి పోతుంది. ఒకే వీధి పిల్లలు రెండు సంస్థల లెక్కల్లోనూ ఎదుగుతుంటారు. వీటిని తలచుకుని ఆవిడ ఒంటరిగా నవ్వుకునేది తప్ప భర్తకు కూడా చెప్పేది కాదు.

ఆ సంస్థల పట్టికలో సొంత అక్క నడిపే లాండ్రీ కూడా ఉంది. బుద్ధి ఎదుగుదలలో వెనకబడి, బడి వయసు దాటిపోయి, ఇంకెక్కడా చోటు లేని పెద్దవాళ్ళు అక్కడ ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెడతారు. అక్క ఒక్కగానొక్క కొడుకు కూడా వాళ్ళలో ఒకడు. మడతపెట్టేటప్పుడు వాడు చూపే దర్పానికి అందరూ వాణ్ణి దొర అంటారు. తాను అక్కడికి ప్రశ్నలు పట్టుకుని వెళ్ళడం ధర్మం కాదని ఆవిడ ముందే ఆచార్యులకు చెప్పి, వేరొకరిని పంపించింది. దానితో తన వంతు జాగ్రత్త పూర్తయిందనుకుంది.

కార్యదర్శి మాటల్లో పడ్డాడు. "దాతల నిధివాళ్ళు ఈసారి కొత్త షరతు పెట్టారండీ. ఒంటరిగా వస్తే దరఖాస్తు తాకను కూడా తాకరు. ఇద్దరు జోడీ కట్టి రావాలి. ఇన్నాళ్ళూ పోట్లాడుకున్నవాళ్ళం ఇప్పుడు సంబంధాలు వెతుక్కుంటున్నాం."

"మీకు జోడీ కుదిరిందా?"

"కుదిరింది. ఆసుపత్రి దుప్పట్ల లాండ్రీ ఉంది చూడండి, ఆవిడ."

వినగానే అది అక్కేనని తెలిసింది. ఊళ్ళో అటువంటి లాండ్రీ ఒక్కటే. ఇక్కడే రికార్డరు ఆపి, ఆవిడ నా తోడబుట్టిందండీ అని లేచి రావలసింది. నియమం అదే. కాని ప్రశ్నల కాగితంలో తరవాతి ప్రశ్న కంటికి ఎదురుగా ఉంది. తన వాళ్ళ సంగతి ఆరాటపెట్టిందో, అలవాటు నాలుకను తిప్పిందో, ఆ అచ్చు ప్రశ్న నోటివెంట వచ్చేసింది.

"ఈ కలయికవల్ల మీరు ఆశించేదేమిటి?"

"నిజం చెప్పమంటారా? ఆసుపత్రి కాంట్రాక్టు, ఆ భవనం లీజు, రెండూ ఉమ్మడి సంస్థ పేరుమీదికి వస్తాయి. ఏడాది తిరక్కుండా పెద్ద యంత్రాలు దింపుతాం. అప్పుడు అంతమంది అక్కర్లేదు. వాళ్ళను మర్యాదగా ఇళ్ళకు పంపించేస్తాం."

"ఆవిడకు తెలుసా?" ఈ ప్రశ్న కాగితంలో లేదు.

"తెలిస్తే సంతకం పెడుతుందా?" అని అతను కిటికీవైపు తిరిగాడు. గొంతు తగ్గించి, "సంబరపడి చేస్తున్న పని కాదండీ. ఇల్లు లేనివాళ్ళు పడుకునే రాత్రి ఆశ్రయం ఒకటి నడుపుతున్నాను. ఈ రాబడి అందకపోతే వేసవికి దాని తలుపు మూయాలి. ఒకరి దుప్పటి లాగితేగాని ఇంకొకరికి కప్పలేని బతుకు మాది" అన్నాడు.

ఆవిడ కృతజ్ఞత చెప్పి మెట్లు దిగింది. వీధిలోకి వచ్చి చాలా దూరం నడిచాక గాని సంచిలో గొడుగు ఉన్న సంగతి గుర్తుకు రాలేదు.

మర్నాడే ఆచార్యుల గదికి వెళ్ళింది. ఆయన అంతా విని, చేతిలోని పుస్తకం మూసి, "అక్కడే ఆపి ఉండాల్సిందమ్మా" అన్నారు.

"అవును సార్."

"ఆపలేదు."

"లేదండీ. తప్పే. ఆ సంభాషణ తీసేయండి."

ఆయన ఇబ్బందిగా కదిలారు. "ఇంత దాపరికం లేకుండా మాట్లాడినవాడు ఇప్పటిదాకా ఒక్కడూ లేడు. కలయిక గురించి రాయబోయే అధ్యాయానికి అదే ఆయువుపట్టు. అయినా రికార్డరులోది తీసెయ్యొచ్చు గాని, మీ చెవిలో పడ్డదాన్ని ఎలా తీస్తాం?"

"నేను ఉద్యోగం మానేస్తే మా అక్కకు చెప్పొచ్చా సార్?"

"మాటిచ్చింది ఉద్యోగం కాదు కదమ్మా, మీరు" అన్నారాయన, కటువుగా కాదు. "ఒక్క మాట బయటికి పొక్కితే ఈ ఊళ్ళో ఇక ఎవరూ మనముందు నోరు విప్పరు. అతను ఒప్పుకుంటే చెప్పండి. ఒప్పుకోకపోతే లేదు."

కనుక శుక్రవారం మళ్ళీ ఆ రెండో అంతస్తు ఎక్కింది. తనెవరో చెప్పింది. కార్యదర్శి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"మొదటే చెప్పి ఉంటే నేను వాతావరణం గురించి మాట్లాడి పంపించేసేవాణ్ణి కదండీ."

"అవునండీ. అందుకే అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను. ఆ ఒక్క మాట మా అక్కకు చెప్పనివ్వండి."

"ఇవ్వలేను. కోపం వచ్చి కాదు. ఆ కాగితం మీ నోటితో మీరు చదివారు, నా చెవులతో నేను విన్నాను. నమ్మే చదువుతాననీ అన్నారు. సోమవారం గడువు. ఆ తరవాత సావకాశంగా నేనే ఆవిడకు నచ్చచెప్పుకుంటాను." గుమ్మందాకా వచ్చి సాగనంపుతూ, "మీ అక్కగారి గౌరవానికి లోటు రానివ్వను" అని కూడా అన్నాడు. ఆ మర్యాదే ఆవిడను ఎక్కువ కుంగదీసింది. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేది.

ఆ రెండు రోజులూ కక్కలేక మింగలేక గడిపింది. అక్క ఫోను చేసి, లాయరుకు చూపించాననీ, కాగితాలు సవ్యంగానే ఉన్నాయన్నాడనీ, ఆదివారం సంతకానికి తోడుగా రమ్మనీ చెప్పింది. ఇదివరకైతే ఎన్నిసార్లయినా అలవోకగా అనే "జాగ్రత్త అక్కా" అన్న మాట ఆవిడ ఈసారి అనలేదు. అంటే అదొక సూచన అవుతుందేమో. అనకపోతే, ఎప్పుడూ అనే మనిషి ఎందుకు అనలేదన్నది కూడా సూచనేనేమో. "సరే, వస్తాను" అని పెట్టేసింది. భర్త భూతద్దం కంటినుంచి తీయకుండానే, "ఏమిటే, గంట కొట్టడం మానేసిన గోడ గడియారంలా ఉన్నావు?" అన్నాడు. ఆయనకూ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం లాండ్రీలో తడి గుడ్డ ఆవిరి కంటి ఎత్తున నిలిచి ఉంది. సెలవురోజైనా దొర వచ్చాడు. వాడికి ఇంటికన్నా ఈ గది చనువు. గోడవారన ఎత్తైన బల్ల, దాని మీద తెల్ల దుప్పట్ల దొంతర, పక్కన చల్లారుతున్న ఇస్త్రీ యంత్రం. పిన్నిని చూడగానే వాడు ఒక దుప్పటి రెండు కొసలూ ఆవిడ చేతికిచ్చాడు.

"పిన్నీ, ఎగుడుదిగుడుగా పట్టుకున్నావు. నావైపు చూసి పట్టుకో."

"చూస్తున్నా నాయనా."

"చూడ్డంలేదు. కింద చూస్తున్నావు. అలా అయితే ఆసుపత్రివాళ్ళు తిప్పి పంపించేస్తారు. అప్పుడు అమ్మ కాదు, నేను మాట పడాలి."

అక్క రెండు గ్లాసుల్లో టీ తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. ఒప్పందం కాగితాలు అక్కడే, తడి తగలకుండా ఒక పళ్ళెం కింద ఉన్నాయి. దొర దొంతర పట్టుకుని లోపలి గదికి వెళ్ళేదాకా అక్క ఆగింది.

"వాళ్ళ ఆఫీసు గుమస్తా చెప్పాడు, నువ్వు వెళ్ళావటగా. రెండుసార్లు."

"పనిమీద వెళ్ళాను."

"ఏం మాట్లాడుకున్నారని అడగనులే. నిన్ను ఎరగనా. చిన్నప్పుడు పెరటి కుండ నేను పగలగొడితే నాన్న నిన్ను ఎండలో నిలబెట్టినా నా పేరు చెప్పలేదు." అక్క చిన్నగా నవ్వి, ఒక గ్లాసు చెల్లెలి ముందుకు జరిపింది. "నేనొకటి ఆలోచించాను. నువ్వు నోరు విప్పొద్దు. ఈ కాగితాల్లో నాకు తెలియని గొయ్యి ఏదైనా ఉంటే టీ అక్కడే వదిలెయ్. లేకపోతే తాగు. నీ మాట నీకు దక్కుతుంది, నా దారి నాకు తెలుస్తుంది."

"నాకిలాంటివి పెట్టకక్కా."

"అంటే ఉందన్నమాట."

"అంటే ఏమీ లేదు. ఎవరి దగ్గరికి వెళ్ళొచ్చినా ఇలాగే అంటాను."

"అలాగా. అయితే తాగు మరి. టీ తాగడానికి హామీపత్రం అడ్డమా?"

ఆవిడ గ్లాసువైపు చూసింది. తాగకపోతే మాట తప్పినట్టు. తాగితే అబద్ధమాడినట్టు. చెయ్యి తగిలినట్టు ఒలకబోస్తే, అదీ ఒక జవాబే. లేచి వెళ్ళిపోతే అంతకన్నా పెద్ద జవాబు. ఏ పక్కకు ఒరిగినా గోడే తగులుతోంది. బయటికి పోయే గుమ్మం ఆ గదిలో ఉన్నది గాని, దానిగుండా పోవడానికి ఆవిడకు లేదు. లోపలి గదిలో దొర ఎవరినో కాదు, దుప్పట్లనే మందలిస్తున్న గొంతు వినబడుతోంది. వాడికి ఈ పని పోతే రేపటినుంచి తెల్లవారడానికి అర్థముండదని ఆవిడకు తెలియక కాదు. రాత్రి ఆశ్రయంలో తల దాచుకునే ముక్కూమొహం ఎరుగని మనుషులూ తలపుకు వచ్చారు. ఇన్నేళ్ళుగా తన ముందు గుండె విప్పినవాళ్ళందరూ ఆ ఆవిరిలో వరసగా నిలబడి తన చేతినే చూస్తున్నట్టనిపించింది. అబద్ధమైతే తన ఒక్కదానిది, ఇచ్చిన మాట అందరిదీ అని సమాధానం చెప్పుకుంది. ఆ సమాధానం ఆవిడకే పూర్తిగా రుచించలేదు.

గ్లాసు తీసుకుని తాగింది. చివరిదాకా తాగింది.

అక్క భుజాలు ఒక్కసారి సడలాయి. "హమ్మయ్య. మూడు రాత్రులుగా నిద్ర లేదే నాకు" అంటూ పళ్ళెం తీసి పక్కన పెట్టి, చెయ్యి కొంగుతో తుడుచుకుని, గుర్తు పెట్టి ఉన్న చోటల్లా సంతకం చేసింది. చెల్లెలు ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క కాగితం తిప్పడం చూసింది.

తరవాత జరిగినది ఇది. ఉమ్మడి దరఖాస్తుకు నిధి మంజూరైంది. సంతకమైన పదో నెలలో పెద్ద యంత్రాలు దిగాయి. కార్యదర్శి స్వయంగా వచ్చి, అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ప్రశంసాపత్రం ఇచ్చి ఇళ్ళకు పంపించాడు. అక్కకు సలహాదారు పదవి ఇచ్చారు. ఆమె వారం తిరక్కుండా వదులుకుంది. రాత్రి ఆశ్రయం మూతపడలేదు. అదీ రాయవలసిన సంగతే.

దొర కొన్నాళ్ళు ఉదయాన్నే తయారై వీధి గుమ్మంలో నిలబడేవాడు. ఇప్పుడు నిలబడడం లేదు. ఇంట్లో ఉన్న రెండు దుప్పట్లను మడతపెడతాడు, విప్పుతాడు, మళ్ళీ మడతపెడతాడు.

ఆ మరుసటి వేసవిలో ఆచార్యుల నివేదిక అచ్చయింది. కలయికల అధ్యాయంలో, ఒక సంస్థ బాధ్యుడి మాటగా, "తెలిస్తే సంతకం పెడుతుందా?" అన్న వాక్యం ఉంది. అక్క ఆ పుస్తకం పట్టుకుని చెల్లెలింటికి వచ్చి, ఆ పేజీ తెరిచి చూపించింది.

"ఇది నా గురించేనా?"

"చెప్పకూడదక్కా."

"అచ్చేసి ఊరంతా పంచారు. ఇంకా చెప్పకూడదా?"

"మాట చెప్పొచ్చు. ఎవరిదో, ఎవరి గురించో చెప్పకూడదు."

అక్క పుస్తకం మూసి, దాన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఏడు నెలలు మాటల్లేవు. ఆ తరవాత దొరకు జ్వరం వచ్చినప్పుడు కబురు పెట్టింది. ఇప్పుడు పండక్కో పబ్బానికో కాదు, అవసరానికే మాట్లాడుకుంటారు. ఆ ఆదివారం సంగతి ఇద్దరూ ఎత్తరు.

ఆవిడ అదే కేంద్రంలో పనిచేస్తున్నది. హామీపత్రం చదవబోయే ముందు, తన అక్కదీ, భర్తదీ, ఇతర బంధువులదీ పేర్లు చెప్పి, వీరిలో ఎవరి ప్రసక్తి అయినా వస్తుందనుకుంటే తన బదులు మరొకరిని పిలిపిస్తానని చెబుతుంది. చాలామంది విచిత్రంగా చూస్తారు.

అక్క ఊరిచివర ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుంది. దాతల నిధికి దరఖాస్తు రాసి ఉంచుకుంది. ఇద్దరు కలిసి రావాలన్న షరతు ఇంకా అమల్లోనే ఉంది. జోడీ కట్టడానికి ఇప్పటివరకు ఎవరూ ముందుకు రాలేదు.