లూర్దమ్మ నాలుక మీది ప్రసాదం

క్రీస్తునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, బొంబాయిలో బట్టల మిల్లులు మూతబడ్డ ఆ రోజుల్లో కామాటిపురా చాల్‌లో, ఆ వరుస గదుల ఇంట్లో, నేను పడ్డ వేదన పగవాళ్ళకు కూడా వద్దు! చివరి కాన్పులో చావు దాకా పోయొచ్చాను, ఇంకో బిడ్డను కంటే తల్లి దక్కదని డాక్టరమ్మ చెప్పింది, నేను ఏడ్చి ప్రార్థించి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ తర్వాత చర్చికి కొత్తగా వచ్చిన ఫాదరుగారు, అది పోపుగారి బోధకు విరుద్ధం, ఘోరపాపం అని ప్రసంగించారు. అంతే, పాపంతో తీసుకోకూడదని పూజలో ఇచ్చే సత్ప్రసాదం మానేశాను!

మా మరిది భార్య, నా యారాలు లూర్దమ్మ, మా పక్క ఖోలీలోనే, పక్క గదిలోనే, ఉండేది. గుండెజబ్బు మనిషి, ఆమె కూడా అదే ఆపరేషన్ చేయించుకుంది. అయినా ప్రతి ఆదివారం నా మోకాళ్ళకు చీర తగిలేలా దాటిపోయి, ప్రసాదం తీసుకుని, నిమ్మళంగా తిరిగొచ్చేది! ఆ మొహం చూస్తే నాకు ఒళ్ళు మండేది. నల్లా దగ్గర ఆమె నవ్వినా, ఆమె బిడ్డకు జ్వరం తగ్గినా, దేవుడు ఆమె పక్షమే అని కుళ్ళిపోయేదాన్ని. "ప్రభువా, ఆమెకైనా ఆపు, నాకైనా ఇయ్యి!" అని మొక్కాను. అదీ ఒక ప్రార్థనేనా సహోదరులారా!

ఒక ఆదివారం పూజ అయ్యాక గ్రాంట్ రోడ్ మీద నడుస్తూ అడిగేశాను: "పోపుగారి మాటంటే నీకు లెక్కలేదా?"

లూర్దమ్మ ఆగిపోయింది. "ఎందుకు లేదక్కా? ఆ మాటకే నాకు నిద్ర పట్టలే. మన చర్చిల ఇంతకుముందున్న ముసలి ఫాదరుకాడికి పోయి అంతా చెప్పిన. 'పోపుగారి బోధను గౌరవంగ విను, ప్రార్థన చెయ్యి, కానీ దేవుని ముందల నీ మనస్సాక్షితోని నిలబడాల్సింది నువ్వే, అక్కడ అబద్ధమాడకు' అన్నడు. నిలబడ్డ. నువ్వు వెనకనే కూసుంటే నాకు ప్రసాదం గొంతు దిగుతలేదక్కా" అని ఏడ్చింది.

నేను కూడా ఆ ముసలి ఫాదరు దగ్గర మోకరించి అంతా చెప్పాను. "ఆపరేషన్‌కు ముందు ప్రభువుతో ఏమన్నావమ్మా?" అని అడిగారు.

"నా పిల్లలకు తల్లి ఉండాలన్నాను, ఫాదర్."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టారు. "అదే నిజమైతే భయపడకు, ప్రసాదానికి రా" అన్నారు.

తర్వాతి ఆదివారం లూర్దమ్మ వెనకే నడిచి ప్రసాదం అందుకున్నాను, నా గుండెలో మంట ఆరిపోయింది! దేవునికే మహిమ! పోపుగారి కోసం రోజూ ప్రార్థిస్తాను, ఆయన మన తండ్రి. పక్కింటామె మొహంలో శాంతి చూసి కుమిలిపోతున్న అక్కలారా, ఆమెకు ఇచ్చినవాడు మీకు లేదనడు, దాచకుండా ఆయనతో చెప్పుకోండి!