ఒళ్లో గురగుర

ఎనభైల్లో, నా పెళ్లయిన తొలి వేసవి. ఆగిరిపల్లి దగ్గర మా మామిడితోట పాకలో వరిగడ్డి పరిచి రసాలు మాగవేశాం. రోజూ నా ఒళ్లో గురగురమనే మా పిల్లి ఆ గడ్డిలోనే పిల్లల్ని పెట్టింది.

పళ్ల వాసనకు ఓ పెద్ద కోతి లోపలికి దూకి గడ్డి పీకసాగింది. పిల్లి దాని మొహం మీదికి ఎగిరింది. కోతి దాన్ని కొరికి, గుంజకేసి కొట్టింది. అత్తయ్యగారు కాయలు కోసే కర్రతో నెత్తురొచ్చేలా బాదితేగానీ పోలేదు.

పిల్లి పాక్కుంటూ నా ఒళ్లోకి వచ్చి గురగురమంది.

"పర్లేదండీ అత్తయ్యా, హాయిగానే ఉంది" అన్నాను.

ఆవిడ దాని పొట్ట తడిమి, నెత్తురంటిన చెయ్యి చూపించారు. "హాయి కాదమ్మాయ్. నొప్పికి ఓర్చుకోలేక కూడా అలాగే అంటది."

కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. గడ్డిలో పిల్లలు పాలకోసం అరుస్తూనే ఉన్నాయి.

ఇప్పటికీ ఒళ్లో పిల్లి గురగురమంటే ముందు దాని ఒళ్లంతా తడుముతాను. చేతికి తడి తగలకపోతేనే నిమురుతాను.